పాలపొడి భక్తులు

“థూ!” అని ఉమ్మాడు త్రినాథరావు. జర్దా కిళ్ళీ రసం క్రైస్తవ మిషన్ కాంపౌండు గోడ మీద ఎర్రగా జారింది. “ఆ వెనక గేటు కాడ వరస సూడు బావా. పాలపొడి భక్తులు!”

గవర్రాజు పళ్ళికిలించాడు. మద్దిలపాలెం జంక్షన్లో కిళ్ళీ బడ్డీ అతనిది. ఉద్యమానికి తన వంతు సాయంగా సమ్మె నాయకులకి కిళ్ళీలు ఊరికే కట్టిస్తున్నాడు. త్రినాథరావు నాయకుడని ఎవరూ అనలేదు గానీ, కిళ్ళీలు మాత్రం నాయకుడి హోదాలోనే నములుతున్నాడు.

డెబ్భై మూడు జనవరి అది. జై ఆంధ్ర అంటూ సర్కారు ఉద్యోగులు సమ్మెకి దిగి నెల దాటింది. జీతాల్లేవు, బస్సుల్లేవు. ఊళ్ళో ఓ పూట కర్ఫ్యూ, ఓ పూట రాళ్ళవాన. రేవులో దిగిన గోధుమ రవ్వనీ పాలపొడినీ మిషన్ వాళ్ళు షెడ్డులో పెట్టి అడిగినవాళ్ళకల్లా పంచుతున్నారు. పాస్టరు జ్ఞానప్రకాశం గారి కట్టుబాటు ఒక్కటే. ఎవరి పేరూ అడగకూడదు, ఎవరి ముసుగూ తియ్యమనకూడదు. ఆడవాళ్ళు పైట నెత్తి మీంచి ముక్కు దాకా లాక్కుని వచ్చి, సంచీ నింపించుకుని తలొంచుకు పోతున్నారు.

“పేరు సెప్పుకోడానికి సిగ్గంట, తినడానికి మాత్రం నేదంట. డబ్బాడు పాలపొడికి దేముణ్ణి మార్చీసీ రకాలు!” అన్నాడు త్రినాథరావు.

“మన సమ్మెలో ఉన్నోళ్ళ ఆడోళ్ళూ వత్తన్నారంట బావా.”

“అలగైతే ఆళ్ళు మొగోళ్ళే కాదు. మా ఇంటికొచ్చి సూడు. జీతం నేకపోయినా పొయ్యారిందేటి? మా బావమరిది కామరాజు పోర్టులో ఉన్నాడు, రవ్వ పంపుతున్నాడు, పాలు పంపుతున్నాడు. పౌరుషమంటే అదీ!”

బావమరిది తిండి తినడంలో పౌరుషమేమిటో గవర్రాజు అడగలేదు. అడిగితే బడ్డీ ముందు ఇంకో ఉపన్యాసం మొదలవుతుందని అతనికి తెలుసు.

ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చోగానే త్రినాథరావు ఆ సంగతే ఎత్తాడు. పెళ్ళాం మొహం చూసి మాట్లాడే అలవాటు అతనికి లేదు, అంతా కంచంతోనే చెబుతాడు.

“ఈ రెండ్రోజుల్లో మిషన్ షెడ్డు తగలెట్టీత్తాం.”

గంగాభవాని చేతిలో గరిటె ఆగింది. “ఎందుకండీ? పాపం, పదిమందికీ ఏదో పెడతన్నారు గదా.”

“పెట్టి ఆళ్ళలో కలిపీసుకుందామని! ఇదిగో ఇను. ఆళ్ళ గింజ ఒక్కటి నా గడప తొక్కిందా, ఆ రోజే నా శవం లెగుద్ది. మా నాన్న మీదొట్టు.”

ఆమె ఖాళీ రవ్వ డబ్బాకి మూత పెట్టింది. తర్వాత మెల్లగా అంది, “రవ్వ అయిపోనాదండి. సాయంత్రం పిల్లలకి...”

“అయిపోతే మీ అన్నయ్యని పంపమను. నాకెందుకు సెప్తావు?” అని చెయ్యి కడుక్కుని లేచాడు.

రెండ్రోజులు ఆగలేదు. ఆ మధ్యాహ్నమే జనం పోగయ్యారు. సైకిలు టైర్లు, కిరసనాయిలు డబ్బాలు, చొక్కాల నిండా గులకరాళ్ళు. త్రినాథరావు కొత్త కిళ్ళీ దవడన పెట్టి ముందు నిలబడ్డాడు. అంటించిన టైర్ల పొగ కాంపౌండంతా కమ్మేసింది.

జ్ఞానప్రకాశం గారు షెడ్డు గుమ్మంలోకి వచ్చారు. బక్కపల్చటి మనిషి, చేతుల నిండా తెల్లటి పాలపొడి.

“కాల్చండి బాబూ, నానడ్డు రాను. లోపల ఆడాళ్ళున్నారు, ముందు ఆళ్ళని పోనీండి.”

“పోనీ, పోనీ! ఆపడానికి ఆళ్ళేటి మా పెళ్ళాలా?” అన్నాడు త్రినాథరావు. గుంపు ఘొల్లుమంది.

పాస్టరు అతని వంక ఓసారి చూసి, గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నారు.

ముసుగులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అటూ ఇటూ ఈలలు, బూతులు. సరిగ్గా త్రినాథరావు ముందుకొచ్చేసరికి ఒకామె కాలు తడబడి కూలబడింది. సంచీ నోరు విప్పుకుని రవ్వ నేల పాలైంది. ఆమె పారిపోలేదు. ముసుగు అంచు పళ్ళతో పట్టుకుని, రెండు చేతులా రవ్వ ఎత్తి సంచీలో పోసుకోసాగింది.

త్రినాథరావుకి ఒళ్ళు మండిపోయింది. “సిగ్గునేదంటే? మట్టిలోది కూడా వదలవేటే! నిన్నేలుకున్నోడు ఎవడోగానీ, ఆడి మొహాన...”

మాట పూర్తి చెయ్యకుండానే నోటినిండా ఉన్న కిళ్ళీని వంగిన ఆమె వీపు మీద ఉమ్మేశాడు. గవర్రాజు కూడా ఈసారి నవ్వలేదు. ఆమె వెనక్కి తిరగలేదు. ఆఖరి పిడికెడు కూడా ఎత్తుకుని, లేచి పొగలో కలిసిపోయింది.

అంతలో పోలీసు జీపు వచ్చింది. వెనకే బాష్పవాయువు. షెడ్డుకి నిప్పు పెట్టకుండానే గుంపు చెల్లాచెదురైంది. ఆ పరుగులో మాత్రం త్రినాథరావు నిజంగానే అందరికంటే ముందున్నాడు.

సందులూ గొందులూ పడి ఇల్లు చేరేసరికి గంగాభవాని ఉప్మా దించుతోంది. పిల్లలు అప్పటికే కంచాలు పట్టుకుని కూర్చున్నారు. త్రినాథరావు రొప్పు తగ్గించుకుని, తన ప్రతాపం మొదట్నుంచీ కంచానికి చెప్పాడు. ఉమ్మిన సంగతి రెండుసార్లు చెప్పాడు.

“దెబ్బకి జడిసిపోనాది! ఇంక జన్మలో అటేపు రాదు.”

“వత్తాదండి. పిల్లలున్నోళ్ళు రాకేం సేత్తారు?” అంది గంగాభవాని, ఉప్మా వడ్డిస్తూ.

ఓ ముద్ద నోట్లో పెట్టుకుని త్రినాథరావు మొహం చిట్లించాడు. “ఏటిది, పంటికి ఇసక తగుల్తంది! మీ అన్నయ్యకి సెప్పు, రవ్వ బాగుసేసి పంపమని.”

“అలగేనండి,” అని ఆమె మంచినీళ్ళ చెంబు కోసం వెనక్కి తిరిగింది.

వీపు మీద కిళ్ళీ ఉమ్మి ఇంకా ఆరలేదు.