ఇల్లే అనుకుంటుంది

"అమ్మాయి ఫోన్ ఇంకా ఆఫ్‌లోనే ఉందండీ!" హోటల్ గదిలో అడుగు పెడుతూనే అంది భార్య. "ఇంట్లో కెమెరా కూడా మనం బయల్దేరినప్పట్నుంచీ పనిచేయట్లేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

"రేపు పరీక్ష పెట్టుకున్న పిల్లకి నువ్వు గంటకోసారి ఫోన్ చేస్తుంటే ఆఫ్ చేయక ఏం చేస్తుంది?" అన్నాడు కళ్లజోళ్ల షాపాయన, పెట్టెని మంచం పక్కన దించుతూ. ఫ్రేముల ఎగ్జిబిషన్ కోసమని భార్యాభర్తలిద్దరూ అప్పుడే రైలు దిగి వచ్చారు.

పైకి అలా అన్నాడే గానీ ఆయనకీ గుబులుగానే ఉంది. కాలేజీ చదివే కూతుర్ని ఇంట్లో ఒంటరిగా వదిలి రావడం ఇదే మొదలు. అందుకే హాల్లో పుస్తకాల అలమర మీద అగ్గిపెట్టెంత కెమెరా ఒకటి పెట్టాడు. దానికి వైరూ గియిరూ లేదు, లోపలి బ్యాటరీతోనే నడుస్తుంది. "నేనేమన్నా చంటిపిల్లనా నాన్నా?" అని కూతురు మూతి ముడుచుకుంది. తర్వాత ఏమనుకుందో ఏమో, అలక మాని, వీళ్ల పెట్టె కూడా తనే సర్దిపెట్టింది.

హోటల్ వైఫై గదికి ఒక్క ఫోన్‌కే ఇస్తామని కింద కౌంటర్లో ముందే చెప్పారు. ఆయన చేతిసంచీలోంచి సబ్బుబిళ్లంత రూటర్ బయటికి తీశాడు.

"ఇప్పుడీ బొమ్మ దేనికండీ?"

"బొమ్మ కాదే పిచ్చిదానా! హోటల్ నెట్‌ని ఇదొక్కటే పట్టుకుంటుంది. మన ఫోన్లన్నీ దీన్ని పట్టుకుంటాయి. మనింటి వైఫై పేరే దీనికీ పెట్టాను, పాస్‌వర్డూ అదే. మన వస్తువేదైనా సరే దీన్ని చూసి ఇల్లే అనుకుంటుంది. దానంతటదే కలిసిపోతుంది."

రూటర్ మీద ఎర్రలైటు కాస్తా పచ్చగా మారింది. ఆయన ఫోన్ తెరిచి చూసి చిటిక వేశాడు.

"ఇదిగో, వచ్చేసింది కెమెరా! చెప్పానా, లోపం మన ఫోన్ నెట్‌లోనే ఉందని!"

భార్య గబుక్కున ఫోన్ లాక్కుంది. "ఏదీ, ఏమీ కనిపించట్లేదే! అంతా చీకటి."

ఆయన కళ్లజోడు తుడుచుకుని చూశాడు. తెర వెలుగు పెంచి చూశాడు. చీకటే. కిటికీ బయట ఎండ కళ్లలో గుచ్చుతోంది.

"పట్టపగలు మన హాల్లో చీకటేంటండీ? ఎవరో కెమెరా మీద గుడ్డ కప్పారు!"

"నువ్వు ఉండు, కంగారుపడకు," అంటూ ఆయన సౌండ్ పెంచాడు.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత, నోటికి దిండు అడ్డం పెట్టుకున్నట్టు, లోపల ఎవరో మగమనిషి గొణిగాడు.

"మగాడి గొంతండీ!"

ఆయన నిలబడలేక కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరగసాగాడు. ఆ తిరగడంలో కాలు తగిలి పెట్టె పక్కకి పడిపోయింది. మరుక్షణం ఫోన్‌లో ధబ్‌మని చప్పుడైంది.

"ఏదో పగలగొడుతున్నాడండీ!"

"ఎవడ్రా నువ్వు? నా కూతురి జోలికొస్తే చంపుతా!" ఫోన్ పట్టుకుని అరిచాడాయన.

ఫోన్‌లో మగాడు కూడా ఏదో గట్టిగా అరిచాడు.

"మీ మీదకే ఎదురు తిరుగుతున్నాడు!" అని భార్య మంచం మీద కూలబడి భోరుమంది. కాసేపటికి ఫోన్‌లోంచి కూడా ఏడుపు వినిపించింది. ఆడపిల్ల ఏడుపు. గొంతు నొక్కుతున్నట్టుగా, ఆగకుండా.

"అమ్మాయేనండీ! కన్నతల్లిని, నా పిల్ల ఏడుపు నాకు తెలీదా?"

ఏడుస్తూనే తన ఫోన్ తీసి ఎదురింటి బస్సు కండక్టర్‌కి చేసింది. "అన్నయ్యా! మా ఇంట్లో ఎవడో దూరాడు. పిల్ల ఏడుస్తోంది. తలుపు పగలగొట్టండి అన్నయ్యా, మీకు దణ్ణం పెడతా!"

"ఫోన్ పెట్టేయకు చెల్లెమ్మా," అని కండక్టర్ పరిగెత్తాడు. ఆమె ఫోన్‌లో అక్కడి కాలింగ్ బెల్ వినిపించింది. తలుపు దబదబా బాదిన చప్పుడు. తర్వాత చెక్క విరిగింది. ఇక్కడ భార్యాభర్తలు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. ఆ కాసేపు వాళ్లు పడ్డ నరకం పగవాళ్లకి కూడా వద్దు.

"ఎవరూ లేరు చెల్లెమ్మా," రొప్పుతూ అన్నాడు కండక్టర్. "అమ్మాయి చెవుల్లో దూది పెట్టుకుని, పుస్తకం మీద పడి నిద్రపోతోంది."

"మరి ఏడుపు..."

"ఇప్పుడు ఏడుస్తోంది. నన్నూ, నా చేతిలో గునపాన్నీ చూసి."

షాపాయన, భార్య చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "దానికియ్యండి ఓసారి. అమ్మా, నువ్వు బాగానే ఉన్నావా?"

"బాగానే ఉన్నా నాన్నా. కొత్త తలుపు కొనాలంతే."

"తలుపు సంగతి తర్వాత. అలమర మీద కెమెరా ఉందా, లేదా?"



"తిట్టనంటే చెప్తా. రెండు రోజులైనా నన్ను నమ్ముతారని... మీ పెట్టెలో తువ్వాలు మడత తీసి చూడండి నాన్నా."

ఆయన వంగి, పడిపోయిన పెట్టె తెరిచి, తువ్వాలు మడత విప్పాడు. మంచం మీది ఫోన్‌లో చీకటి విడిపోయి, ఇందాకటి నుంచీ అరుస్తున్న మగాడూ, ఏడుస్తున్న ఆడమనిషీ కనిపించారు: ఆయనా, ఆయన భార్యా.