పరాయి బిడ్డలకేనా?

"తీసేయండి డాక్టరమ్మా," అన్నాడు బోధకుడు, స్కానింగ్ గది గుమ్మం దగ్గరే నిలబడి.

బల్ల మీద పడుకున్న కూతురు ఉలిక్కిపడి తల తిప్పింది. కడుపులో బిడ్డకి గుండె సరిగా ఏర్పడలేదనీ, పుట్టినా కొద్ది గంటలే బతుకుతుందనీ డాక్టరమ్మ అప్పుడే చెప్పింది.

"నువ్వేనా నాన్నా ఈ మాటంటున్నది?"

"నీ ఒంటికి ముప్పమ్మా. చట్టం కూడా ఒప్పుకుంటుంది."

"తల్లికి ముప్పేమీ లేదండీ," అంది డాక్టరమ్మ మెల్లగా.

"ఆ చట్టం వద్దనే కదా ఊరూరా తిరిగి గొంతు పోగొట్టుకున్నావు? కడుపులో ప్రాణాన్ని తుంచే హక్కు మనకి లేదన్నావు. అదంతా పరాయివాళ్ళ బిడ్డలకేనా?" అంది కూతురు.

బోధకుడు గుమ్మం పట్టుకుని తల దించుకున్నాడు.

"నువ్వు మోసి, కని, ఆ బిడ్డని మట్టిలో పెడుతుంటే నేను చూడలేనమ్మా."

ఆ మాట అన్నాక ఆయనకి, సలహా కోసం వచ్చి తన ముందు ఏడ్చిన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళందరికీ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా జవాబు చెప్పి పంపేశాడు. ఒక్కరినీ మీకు భయంగా ఉందా అని అడగలేదు.

"నీకు భయంగా లేదా తల్లీ?"

"చచ్చేంత ఉంది. అయినా మోస్తాను. నువ్వు చెప్పింది నేను నమ్మాను నాన్నా. ఇప్పుడేమీ చెప్పకు, వచ్చి పక్కన కూర్చో."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అంతవరకూ చూడ్డానికి ధైర్యం చాలని స్కానింగ్ తెరవైపు కళ్ళెత్తాడు.

"గుండె ఎక్కడుందో కాస్త చూపించండమ్మా," అన్నాడు.