కోళ్లు కాపురముండే కారు

"ఆ తుప్పు డొక్కునా కొనేది? నీకు మతిగానీ పోయిందా లాయిడ్?"

నోరీన్ గొంతుకి షెడ్డులో కోళ్లు ఉలిక్కిపడి, ఆ డొక్కు కారు కిటికీలోంచే బయటికి దూకాయి. ఒకటి మాత్రం వెనక సీటు మీద కదలకుండా కూర్చుంది. గుడ్డు పెట్టే పనిలో ఉంది కాబోలు.

ఆమె మొగుడు లాయిడ్ కారు ముందు అద్దం దగ్గరికి వంగి, లోపలున్న చిన్న నంబరు రేకు మీది దుమ్ము బొటనవేలితో తుడుస్తున్నాడు. ఒక్కో అంకె దగ్గరా పెదవులు కదులుతున్నాయి.

"మీ ఆయన ప్రార్థన చేసుకుంటున్నాడు అమ్మగారూ," అన్నాడు షెడ్డు యజమాని ప్రూయిట్, ప్యాంటు పట్టీల్లో బొటనవేళ్లు దోపుకుని. "ఆ బండి కొనేవాడికి దేవుడి అవసరం చాలా ఉంటుంది లెండి."

దాని పక్కనే ఇంకో కారుంది. రెండూ 1970 నాటి షెవెల్ మోడల్ కార్లే. ఈ రెండోది మాత్రం ఎర్రగా, ఇవాళే పుట్టినట్టు నిగనిగలాడుతోంది. నోరీన్ కళ్లు దాన్ని వదలడం లేదు. ఆమె చేతిసంచిలో చేపల పడవ అమ్మగా వచ్చిన డబ్బుంది. లాయిడ్ పనిచేసే మిల్లు మూతపడ్డాక ఆ ఇంట్లో అమ్ముకోవడానికి మిగిలిన ఆఖరి వస్తువు ఆ పడవ. దాంతో పెద్ద ఇంజనుండే పాత మజిల్ కారు ఒకటి కొని, బాగుచేసి అమ్మి, సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకోవాలని లాయిడ్ ఆశ. తప్పు కారు కొంటే ఇంక షెడ్డూ లేదు, పడవా లేదు.

"ఎర్రది చూడు," అంది నోరీన్ గొంతు తగ్గించి. "తాళం తిప్పితే పులిలా గుర్రుమంటోంది."

లాయిడ్ జేబులోంచి అయస్కాంతం ముక్క తీసి ఎర్రకారు వెనక చక్రం పైన పెట్టాడు. అది జారి కింద పడింది. ఇంకోచోట పెట్టాడు. అక్కడా పడింది.

"రంగు కింద రేకు లేదు నోరీన్. తుప్పు కంతల్లో నింపిన పుట్టీ."

ప్రూయిట్ మొహం ఎర్రకారు కంటే ఎర్రబడింది. "ఒహాయోలో చలికాలం మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగిన బండికి పుట్టీ లేకుండా ఎలా ఉంటుంది గురూ? కానీ దీని ఇంజను దీనిదే! కారు నంబరూ ఇంజను మీద కొట్టిన నంబరూ కలిస్తేనే ఈ బళ్లకి విలువ. కలిస్తే మహారాజు, కలవకపోతే పాత ఇనుము. నువ్వు మోజుపడ్డదాని ఇంజను ఎవడో ఏనాడో పీకి అమ్ముకున్నాడు. ఇప్పుడందులో ఉన్నది ఏదో లారీది. అదీ తిరగదు. ఆమాత్రం తెలీదా?"

"తెలుసు."

"మరి అదే ఎందుకు?"

లాయిడ్ ఒక్క క్షణం ఆలోచించాడు. "రంగు నచ్చింది."

ఆ కారు మీద రంగనేదే లేదు. ప్రూయిట్ తొడ చరుచుకుంటూ నవ్వాడు. ఎదుటివాడి చేతుల కాయలు చూసి వాడి బుర్రని అంచనా వేసే రకం మనిషి.

"రంగట! మిమ్మల్ని చేసుకున్నప్పుడైనా కళ్లు తెరిచి చూశాడా అమ్మగారూ?"

నోరీన్ మెల్లగా ఇటు తిరిగింది. మొగుణ్ణి తిట్టే హక్కు ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆమెదే. ఇంకెవరికీ అందులో వాటా ఇవ్వలేదు.

"చూశాడు పెద్దమనిషీ. నన్ను ఏ పుట్టీ లేకుండానే చూసి చేసుకున్నాడు. బండి కాగితం తియ్యి."

"ఏ కారుది?"

"కోళ్లది."

"నోరీన్..." అన్నాడు లాయిడ్.

"నువ్వు మాట్లాడకు. ఇంటికెళ్లాక నీ పని చెప్తా."

డబ్బు కవరు బల్లమీద పడింది. ప్రూయిట్ కాగితం వెనక సంతకం గిలికాడు. "సంతకం పడ్డాక వెనక్కి తీసుకునేది లేదు. రేపు ఏడుస్తూ రాకండి."

"నువ్వూ రాకు," అన్నాడు లాయిడ్.

చక్రాల్లో గాలి లేని కారుని ట్రెయిలర్ మీదికి లాగడానికి గంట పట్టింది. వెనక సీటు మీది కోడిపెట్టని దింపబోతే చెయ్యి పొడిచింది. "గుడ్లు ఫ్రీ!" అని ప్రూయిట్ గేటు దాకా వచ్చి మరీ అరిచాడు. లోకం తీరే అంత. మెరిసేదాన్ని చూసి డబ్బిస్తుంది, దుమ్ము తుడిచి చూసేవాణ్ణి చూసి నవ్వుతుంది. నవ్వుకోనీ.

మొక్కజొన్న చేలు దాటి పెద్ద రోడ్డెక్కాక లాయిడ్ ట్రక్కుని పక్కకి ఆపాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. నవ్వుతున్నాడు కూడా.

"నీ పరువు కోసం పడవని తగలేశాను," అంది నోరీన్. "ఇప్పుడైనా చెప్పు. ఆ ఇనపగంపలో ఏం చూశావు?"

"నంబరు. అంకె అంకె సరిపోయింది. ఎవడో పీకి అమ్ముకున్న ఆ నంబరు ఇంజను పదకొండేళ్లుగా మన గ్యారేజీలోనే ఉంది నోరీన్. నువ్వు రోజూ ఉతికిన బట్టల బుట్ట పెట్టేది దాని మీదే!"