నలభై ఒక్క పూసలు

"ఇవి ఆకాశం నుంచి పడ్డాయంటే నేను నమ్మను," అన్నాడు పరీక్షకుడు.

తెర మీద నల్ల పూస ఒకటి గుండ్రంగా ఉంది. అసలు పూస వెంట్రుక మందం కూడా ఉండదు.

తెర పక్కన నిలబడ్డ అమ్మాయికి ఇది పీహెచ్‌డీ చివరి పరీక్ష. ఆమె గైడు పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. తలుపు దగ్గర టీ ట్రేతో నిలబడ్డ పిన్ని చేతిలో కప్పులు గలగలమన్నాయి. డిపార్టుమెంటు ఊడ్చేదీ, టీ తెచ్చేదీ ఆవిడే. అందరికీ పిన్నే.

ఆమె పరిశోధన అంతరిక్ష ధూళి మీద. మేడ మీద స్టీలు పళ్ళెం పెట్టి, వారం రోజులు పడిన దుమ్మును పోగుచేసి, అందులోంచి ఆకాశం నుంచి రాలిన రేణువుల్ని అయస్కాంతంతో ఏరడం. ఐదేళ్ళుగా అదే పని. డిపార్టుమెంటులో ఆమెను 'దుమ్ము' అనే పిలుస్తారు. థీసిస్‌లో చివరి అధ్యాయమంతా ఈ పూసల మీదే. అది కొట్టేస్తే పీహెచ్‌డీ లేదు, ఇంకో రెండేళ్ళు మేడ ఎక్కాల్సిందే.

వెనక వరసలో వాళ్ళమ్మ తమ్ముడి వైపు వంగింది. "ఆయనకేమిట్రా అంత కోపం?"

"అక్క పళ్ళెంలో ఆకాశం దుమ్ము పడలేదంటున్నాడమ్మా."

"మనింటికి రమ్మను. కావలసినంత పడుతుంది."

పరీక్షకుడు కళ్ళజోడు సర్దుకున్నాడు. "పై నుంచి వచ్చిన ఇనప పూసల్లో నికెల్ ఉంటుంది. బాగానే ఉంది. మీ పూసల్లో నికెల్‌తో పాటు ఇంత క్రోమియం ఏమిటి? ముప్పై ఏళ్ళలో నేనెక్కడా చూడలేదు. స్టీలు వెల్డింగ్ చేసేటప్పుడు రాలే రవ్వలు అచ్చం ఇలాగే ఉంటాయి. మీ చుట్టుపక్కల ఎవరో వెల్డింగ్ చేశారు. అంతే."

ఈ ప్రశ్న కోసం ఆమె ఆర్నెల్లుగా కాచుకుని ఉంది.

"ఎవరూ చేయలేదు సర్." తెర మీదకు మ్యాపు వచ్చింది. "ఐదు కిలోమీటర్ల లోపు ఉన్న ప్రతి వీధీ నడిచాను. వెల్డింగ్ షాపు ఒక్కటీ లేదు. ఈ పూసలు దొరికిన వారం ఎక్కడా ఇల్లు కట్టలేదు, గేటు బిగించలేదు."

"నడిచారా? అన్ని వీధులూ?"

"రెండు జతల చెప్పులు అరిగాయి సర్."

గైడు నవ్వబోయి, పరీక్షకుడి మొహం చూసి మానుకున్నాడు.

"గాలికి కొట్టుకొచ్చి ఉండొచ్చుగా?"

"ఆ వారం గాలి పొలాల వైపు నుంచే వీచింది. వాతావరణ కేంద్రం లెక్కలు నూట పన్నెండో పేజీలో ఉన్నాయి."

ఆయన పేజీ తిప్పాడు. వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు.

"నలభై ఒక్క పూసలూ ఒకే వారం దొరికాయి. ముందు వారం లేవు, తర్వాత వారం లేవు. ఎందుకని?"

"ఆ వారమే భూమి ఒక తోకచుక్క బాట దాటింది సర్. అది వదిలిన ధూళి అని నా వాదన."

"పళ్ళెం ఎవరైనా ముట్టుకుని ఉంటే?"

"మేడ తలుపుకు తాళం ఉంది. ఒక తాళంచెవి నా దగ్గర, ఒకటి ఆఫీసులో. పళ్ళెం అంచున 'ముట్టుకోవద్దు' అని చెక్కించాను కూడా."

పరీక్షకుడు థీసిస్ మూశాడు.

"వెల్డింగ్ రవ్వలు పట్టుకొచ్చి చుక్కలని చెప్పినవాళ్ళను ఇప్పటికి ఇరవై మందిని వెనక్కి పంపాను," అన్నాడాయన. "మిమ్మల్ని పంపుదామనే వచ్చాను. సందు దొరకలేదు. కంగ్రాచ్యులేషన్స్, డాక్టర్."

చప్పట్లు మోగాయి. "అక్కా, ఇవాళ్టి నుంచి డాక్టర్ దుమ్ము!" అని అరిచాడు తమ్ముడు. అమ్మ వాడి నెత్తిన ఒక్కటిచ్చి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

పరీక్షకుడు ఒక పూస అడిగి తీసుకున్నాడు. గాజు పలక మీద అంటించిన ఆ పూసను కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూస్తూ, "మా విద్యార్థులకు చూపిస్తాను. వాళ్ళకు జన్మలో దొరకదు," అన్నాడు గైడుతో.

పిన్ని అందరికీ టీ ఇచ్చి చివరికి ఆమె దగ్గరకు వచ్చింది.

"పాసైనట్టేనా అమ్మాయ్? ఇంక మార్చరుగా?"

"మార్చరు పిన్నీ. పళ్ళెం నిలబెట్టింది నన్ను."

"హమ్మయ్య. అయితే ఇంక చెప్పేస్తాను. మూడేళ్ళుగా లోపల్లోపల నలిగి చస్తున్నాను." పిన్ని గొంతు తగ్గించిందనుకుంది గానీ, ఆవిడ గొంతు తగ్గేది కాదు. "ఆఫీసులో తాళం తీసుకుని ఓసారి మేడ ఊడ్చాను. ఆ పళ్ళెం మట్టిగొట్టుకుపోయి ఉంటే శుభ్రంగా తోమేశాను. తోమాకే కదా, 'ముట్టుకోవద్దు' అన్న అక్షరాలు బయటపడ్డాయి!"

ఆమె చేతిలో టీ కప్పు ఆగిపోయింది. కిటికీ దగ్గర గాజు పలక కూడా ఆగింది.

"తోమేశావా?"

"కంగారు పడకమ్మా. నీ దుమ్ము పోగొట్టి ఊరుకుంటానా? అప్పటికప్పుడు బస్సెక్కి ఇంటికెళ్ళి, దులిపి, పొట్లం కట్టి తెచ్చి పోశాను. అదీ ఎంత కష్టమైందనుకున్నావ్! మా ఇంట్లో దుమ్మెక్కడుంటుందమ్మాయ్, మా ఆయన వెల్డింగ్ చొక్కాకి తప్ప?"