తిరిగే సీటు

"పాత సీటు ఏం చేద్దామక్కా? తీసుకెళ్తారా?" అని అడిగాడు సీట్ల మేస్త్రి.

కారు ముందు సీటు, డ్రైవరు పక్కది, ఊడి వచ్చి షెడ్డు గోడకి చేరబడి ఉంది. దాని కింద ఇన్నేళ్ళుగా దాక్కున్న రెండు చొక్కా గుండీలు, ఒక దువ్వెన, అరిగిపోయిన చాక్‌ముక్క బయటపడ్డాయి. ఆమె వాటిని ఏరి సంచిలో వేసుకుంది.

"మా ఇంట్లో మనుషులకే చోటు చాలదు. నువ్వే ఉంచుకో."

పాతదాని చోట మేస్త్రి కొత్త సీటు బిగిస్తున్నాడు. ఇది తిరిగే రకం. తలుపు తీసి మీట నొక్కితే సీటు మొత్తం బయటికి తిరుగుతుంది. కాళ్ళు సరిగ్గా కదపలేని మనిషి కూడా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటే చాలు, మళ్ళీ మనిషితో సహా లోపలికి తిరుగుతుంది.

ఈ సీటు మాట ఎత్తింది ఆమె భర్తే. పది రోజుల క్రితం భోజనాల దగ్గర, "కారు ముందు సీటు మార్పిస్తున్నా. తిరిగేది వేయిస్తా" అన్నాడు. అంతే, అత్తగారి ముఖం చాటంత అయింది. ఆరు నెలల క్రితం జారిపడి తుంటి విరిగినప్పటి నుంచీ పెద్దావిడకి కిటికీయే లోకం. "కడుపున పుట్టినవాడంటే ఇలా ఉండాలి" అని చెల్లెళ్ళందరికీ ఫోను చేసి మరీ చెప్పింది. ఆయన మాత్రం తల ఎత్తకుండా తిన్నాడు. పొగిడితే ముడుచుకుపోయే రకం.

ఇవాళ పొద్దున్నే అత్తగారు ఇస్త్రీ బట్టలు కట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది.

"సాయంత్రం ఆ వంతెన దాకా తీసుకెళ్ళండి చాలు. కాసేపు నీళ్ళు చూసి వచ్చేస్తా" అంది. అంతలోనే కోడలి వైపు చూసి, "నడిపేది నువ్వా, వాడా? నువ్వైతే ముందే చెప్పు తల్లీ, నా రెండో తుంటి ఇంకా బాగానే ఉంది" అని ఆటపట్టించింది.

కారు నడపడం ఆమె కోరి నేర్చుకున్నది కాదు. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాక ఇప్పుడు నాకెందుకీ తిప్పలు అని మొత్తుకుంది. ఆయన వింటేగా. మూడు నెలలు పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పాడు. ఆమె కారు ఆపాక ఆయన దిగడానికి ఎంతసేపో పట్టేది.

"నా డ్రైవింగుకి కాళ్ళు వణుకుతున్నాయా?" అని ఆమె నవ్వేది.

"మరి వణకవూ?" అని ఆయనా నవ్వేవాడు.

ఇవాళ కూడా ఆమే నడిపింది. దిగగానే కారు తాళాలు ఆయనకి ఇచ్చేసింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన షెడ్డు ముందు బల్ల మీంచి లేవలేదు. దగ్గరుండి పని చేయించుకోవడం ఆమె వంతే అయింది. ఆయన టైలరు. ఈ మధ్య తొక్కుడు మిషనుకి మోటారు పెట్టించుకున్నాక మనిషికి బద్ధకం పెరిగిందని ఆమె అనుమానం.

"అయిపోయిందక్కా." మేస్త్రి మీట నొక్కాడు. సీటు మెత్తగా బయటికి తిరిగింది.

ఆమెకి కళ్ళు చెమర్చాయి. సాయంత్రం అత్తగారు దాంట్లో మహారాణిలా కూర్చుంటుంది. అలా అనుకుంటూనే కిందికి చూసింది. సీటు ముందు పాదాలు ఆనించుకోవడానికి చిన్న రేకు పలక ఉంది. ఎక్కడో అడుగున ఉంది.

"ఇదేంటి, ఇంత కిందికి పెట్టావు? మా అత్తగారు గుప్పెడు మనిషి. కాళ్ళు గాల్లో వేలాడతాయి. వేలాడితే తుంటి లాగేస్తుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు."

"కొలత ప్రకారమే పెట్టానక్కా."

"ఎవరిచ్చారు ఆ కొలత?"

మేస్త్రి బల్ల వైపు చూశాడు.

ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని భర్త వైపు తిరిగింది. మనిషిని దూరం నుంచి చూసి భుజం ఎంతో చెప్పేస్తాడు ఆయన. పాతికేళ్ళలో అరంగుళం తప్పింది లేదు.

"ఏమండీ, లోకమంతటికీ కొలతలు తీసే మీకు కన్నతల్లి కాలు ఎంత పొడుగో తెలీదా? దీపం కింద చీకటంటే ఇదే. ఆవిడ అక్కడ పొద్దుట్నుంచీ తయారై కూర్చుంది. ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చెప్పమంటారు?"

మెడలో టేపు లేకపోయినా అలవాటుగా ఆయన చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది.

"తమ్ముడూ, పలక పైకి జరుపు. నాలుగు బోల్టులేగా" అంది ఆమె మేస్త్రితో.

మేస్త్రి కదల్లేదు.

"కొలత తప్పు కాదక్కా. కూర్చునే మనిషి రాకుండా ఈ రకం సీటు నేను ఒప్పుకోను. మొన్న ఇక్కడే కూర్చోబెట్టి, మోకాలి నుంచి మడమ దాకా నా చేత్తో నేనే తీశాను."

"మా అత్తగారు గడప దాటి ఆరు నెలలైంది. మరి ఎవర్ని కూర్చోబెట్టావు?"

మేస్త్రి చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయన బల్ల పట్టుకుని లేచాడు. కారు పట్టుకుని నాలుగడుగులు వేశాడు. తాళాలు ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

తర్వాత ఆ సీటులో కూలబడి, రెండు చేతులతో తన కాళ్ళని ఒక్కొక్కటిగా ఎత్తి పలక మీద పెట్టుకున్నాడు. పాదాలు అరంగుళం తేడా లేకుండా అందాయి.