అసలు కాఫీ

ఆవిడ మొగుడికి కోపం లేదు, తాగుడు లేదు. ఉన్నదల్లా ఒక నాలుక. ఒక్క గుక్కతో కాఫీ ఏ కంపెనీదో చెప్పేస్తానంటాడు. ధరలు మండి కూరల్లో నూనె సగమైనా, ఆయన కాఫీ మాత్రం ఆ ఖరీదైన డబ్బాలోంచే రావాలి.

ఎన్నడూ కొట్టు మొహం చూడని మనిషి, ఇవాళ ఆఫీసు నుంచి వస్తూ తనే ఓ డబ్బా కొనుక్కొచ్చాడు. కలిపించుకుని ఒక్క గుక్క తాగి, డబ్బానీ భార్యనీ వెంటబెట్టుకుని కొట్టు మీదకొచ్చాడు.

"ఏమయ్యా, ఇది నకిలీది. రోజూ తాగేవాణ్ణి, నాకు తెలీదా?"

"సీలు మీరే తీశారు కదా సార్," అన్నాడు కొట్టతను, ఆవిడ వైపు చూడకుండా. ఆర్నెల్లుగా ఆవిడకు మూడో వంతు ధరకే విడి పొడి తూచి ఇస్తున్నది అతనే.

"వీధంతా చెప్తాను. రేపట్నుంచి నీ దగ్గరికి ఎవరొస్తారో చూస్తా."

అయినా అతను ఆవిడ గుట్టు విప్పలేదు. ఇక ఆవిడకే మనసొప్పలేదు.

"ఏవండీ, ఇదే అసలుది. ఆర్నెల్లుగా మీరు తాగుతున్నది విడి పొడి. పాత డబ్బాలో నేనే పోస్తున్నా."

"మరి నిన్న అమృతం అన్నానే?"

"మొన్న కూడా అన్నారు."

కొట్టతను శ్రద్ధగా త్రాసు తుడవసాగాడు. ఆయన డబ్బా మూత బిగించాడు.

"ఆ విడి పొడి ఓ అరకిలో తూచవయ్యా. తప్పంతా ఈ డబ్బాది."

ఇద్దరూ ఆయన్నే చూస్తూ నిలబడ్డారు.

"సరే, నాది."