ఎక్కడికని అడగలేదు

ఇప్పుడు కాలేజీకి ఎవరూ దరఖాస్తు పెట్టరు. పదో తరగతి దాటిన పిల్ల ఉన్న ప్రతి ఇంట్లో గోడకు ఒక పెట్టె బిగిస్తారు. అది రెండేళ్లు ఇంటివాళ్ల మాటలు విని, ఆ పిల్లకు ఏ చదువు తగునో చెబుతుంది.

నా మనవరాలు నూకరత్నానికి సముద్రం గురించి చదవాలని ఆశ. ఆ కాలేజీ కొచ్చిలో ఉంది. ఒడ్డున వల బాగుచేస్తూ ఒకసారి నా చెవిలో చెప్పింది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కబోయే మొదటి మనిషి అదే. అయితే మేం సముద్రం మీద వేటకు పోయేవాళ్లం. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగం. అడిగితే పని చెడుతుంది. అందుకే రెండేళ్లూ ఇంట్లో ఎవరమూ ఆ ఊసెత్తలేదు.

పోయిన వారం పెట్టె పలికింది.

"ఈ ఇంట్లో పై చదువు ప్రస్తావన లేదు. స్థానిక రొయ్యల ప్యాకింగ్ కోర్సు కేటాయించడమైనది."

"సూసినావా తాతా," అంది రత్నం. "నువ్వొక్కడివే మూగోడివనుకున్నాను. ఇల్లంతా మూగోళ్లమని రాసేసింది."

"మళ్లీ ఇనమని సెప్పమ్మా."

"ఒక ఇంటిని ఒక్కసారే ఇంటాదట."

అయినా ఆ పూటంతా పెట్టె ముందు కూర్చుని కొచ్చి, కొచ్చి అని చెప్పాను. వినేటప్పుడు వెలిగే దాని దీపం వెలగలేదు.

ఈ పొద్దున రత్నం సంచి తగిలించుకుని గడప దాటింది. డెబ్బై ఏళ్లలో ఎవరినీ అడగని మాట దాన్ని అడిగాను.

"ఎక్కడికే రత్నం?"

అది ఆగి నా ముఖంలోకి చూసింది. ఎందుకడిగానో దానికి తెలుసు.

"రొయ్యలకి, తాతా."

ఆ ప్రయాణం చెడుతుందేమోనని ఆశగా ఇద్దరం గుమ్మం ముందే నిలబడి చూశాం. బస్సు సమయానికే వచ్చింది.